అయిదు డాలర్లకు అమ్మిన బొంత

పాలమూరు, నల్గొండ పల్లెల్లో ఒకప్పుడు బొంత లేని ఇల్లుండేది కాదు. పాత చీరెలు, పంచెలు పొరలుగా పరిచి, పైన రంగు ముక్కలు అతికి, దబ్బనంతో వరసగా టాకాలు వేసేవాళ్లు. దేవరకొండ, అచ్చంపేట వైపు తాండాల్లోనైతే ఆ అతుకులకు అద్దాలు, గవ్వలు కూడా తోడయ్యేవి. అయినా బొంత కుట్టిన మనిషి పేరు ఎవరు గుర్తు పెట్టుకుంటారు? చిరిగిపోయేదాకా కప్పుకోవడం, ఆ తర్వాత మసిగుడ్డ చెయ్యడం, అంతే కదా!

కానీ బొంత కుట్టే, ప్రపంచానికి తన పేరు మిగిల్చి వెళ్లిన ఒక ఆడమనిషి ఉంది. ఆమె హ్యారియెట్ పవర్స్.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, ఏథెన్స్ అనే ఊరి దగ్గర 1837 అక్టోబర్ 29న బానిసగా పుట్టింది హ్యారియెట్. చుట్టూ పత్తిచేలు. పత్తి పండించేది వాళ్లే, ఒంటిమీద మంచి బట్టకు నోచుకోనిదీ వాళ్లే. పద్దెనిమిదో ఏట ఆర్మ్‌స్టెడ్ పవర్స్‌తో పెళ్లయింది. తొమ్మిదిమంది దాకా పిల్లలు పుట్టారు. 1865లో బానిసత్వం రద్దయ్యేనాటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. ఆ తర్వాత భార్యాభర్తలిద్దరూ రెక్కలు ముక్కలు చేసుకుని నాలుగెకరాల చెలక సంపాదించుకున్నారు. ఇంటిపని, పొలంపని, పిల్లల పని అయ్యాక మిగిలిన పొద్దులో ఆమె సూది పట్టుకునేది.

1886లో ఏథెన్స్‌లో పత్తి సంత జరిగింది. అక్కడ హ్యారియెట్ తన బొంతను ప్రదర్శనకు పెట్టింది. పదకొండు గళ్లు. గడి గడికీ ఒక బైబిల్ కథ. ఏదెను తోటలో ఆదాము అవ్వలు, యాకోబు కల, ఏసు బాప్తిస్మం, చివరి విందు. మనుషులు, జంతువులు, నక్షత్రాలు అన్నీ గుడ్డముక్కలు కత్తిరించి అతికినవే. కొంత చేత్తో, కొంత మిషన్‌తో కుట్టింది. పశ్చిమ ఆఫ్రికాలో, ఇప్పటి బెనిన్ దేశంలో, గుడ్డమీద ఇలాగే బొమ్మలు అతికే ఆచారముందనీ, ఆమె పనిలో ఆ పోలిక కనిపిస్తుందనీ పరిశోధకులు అంటారు.

ఆ బొంతను చూసిన జెన్నీ స్మిత్ అనే చిత్రకారిణి, టీచరు, కొంటానని వెంటపడింది. హ్యారియెట్ ససేమిరా అంది. నాలుగేళ్లు గడిచాక ఇంట్లో ఇబ్బందులు ముంచుకొచ్చాయి. భర్త అమ్మేయమన్నాడు. ఎద్దుబండిలో, సంచిలో చుట్టిన బొంతను ఒళ్లో పెట్టుకుని జెన్నీ ఇంటికి వచ్చింది. పది డాలర్లు అడిగితే, అయిదే ఇవ్వగలనంది జెన్నీ. గత్యంతరం లేక ఇచ్చేసింది.

అయితే ఊరికే ఇచ్చి వెళ్లిపోలేదు. ఒక్కొక్క గడిలో ఉన్నదేమిటో వివరించింది. జెన్నీ అదంతా రాసిపెట్టుకుంది. ఆ తర్వాత కూడా తన బొంతను చూసుకోడానికి హ్యారియెట్ ఎన్నోసార్లు వచ్చిపోయింది. అత్తారింట్లో ఉన్న బిడ్డను చూసి వచ్చినట్టు! మిగిలిన గుడ్డపేలికలన్నీ దాచి ఇస్తానని జెన్నీ మాటిచ్చాక గానీ ఆమె మనసు కుదుటపడలేదట.

1895లో అట్లాంటా పెద్ద ప్రదర్శనలో ఆ బొంతను పెట్టారు. హ్యారియెట్ కుట్టిన మరో బొంతను 1898లో రెవరెండ్ ఛార్లెస్ హాల్ అనే ఆయనకు కానుకగా ఇచ్చారు. దీనిలో పదిహేను గళ్లు. బైబిల్ కథలతోపాటు 1833 నవంబర్‌లో ఆకాశం నుంచి ఉల్కలు వర్షంలా రాలిన రాత్రి కూడా ఉంది. అది ఆమె పుట్టకముందే జరిగింది. పెద్దలు చెప్పగా విన్న ముచ్చట గుడ్డమీదికెక్కింది.

ఆ గళ్లన్నీ ఒకే కొలతలో లేవు. కథను బట్టి గడి వెడల్పు, మధ్యలో పట్టీలతో సర్దుబాటు. మనకూ పనికొచ్చే ఉపాయమిది. కుట్టాక తొమ్మిదంగుళాలుండాల్సిన గడికి నాలుగువైపులా పావు అంగుళం కుట్టులోకి పోతుంది కనుక తొమ్మిదిన్నర అంగుళాలు కత్తిరించాలి. దాన్నే పన్నెండంగుళాలు చెయ్యాలంటే ముక్కలన్నీ విప్పనక్కర్లేదు. చుట్టూ రెండంగుళాల పట్టీ వేస్తే, కుట్టుపోగా ప్రతివైపూ ఒకటిన్నర అంగుళం పెరుగుతుంది.

హ్యారియెట్ చివరిరోజులు సుఖంగా గడవలేదు. పొలం కొంచెం కొంచెంగా అమ్ముకున్నారు. భర్త వదిలి వెళ్లిపోయాడు. 1910 జనవరి 1న ఆమె కన్నుమూసింది. ఎక్కడ పూడ్చిపెట్టారో కూడా అందరూ మరచిపోయారు. 2005లో గానీ సమాధిరాయి బయటపడలేదు. ఇప్పుడు ఆ అయిదు డాలర్ల బొంత వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో, రెండోది బోస్టన్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

హ్యారియెట్ పనితనం గొప్పది, నిజమే. కానీ ఆ పనితనం వెనకాల మనసు మనకు తెలిసింది మాత్రం ఆమె చెప్పినందుకు, ఇంకో ఆడమనిషి కూర్చుని రాసుకున్నందుకు. మన ఇళ్లల్లో సందూకు అడుగున ఇంకా ఒకటో రెండో బొంతలుంటాయి. ఆ ఎర్ర ముక్క ఎవరి పెళ్లిచీరెదో, ఆ పచ్చది ఏ బిడ్డ లంగాదో చెప్పగలిగే పెద్దవాళ్లు ఉన్నప్పుడే అడిగి రాసుకుందాం. ఒక మూలన కుట్టిన మనిషి పేరు, సంవత్సరం దారంతో కుట్టిపెడదాం. దానికి ఖర్చు ఒక దారపు ఉండే కదా!