సీజనంతా పిల్లల ఆటే చూసిన రహీమ్ సాబ్



ఈ నెల మీకు చెప్పబోయేది ఒక స్కూల్ టీచరు జీవితం. మన కందుకూరు నుంచి శ్రీశైలం హైవే మీద నగరంలోకి వెళ్తే చాంద్రాయణగుట్ట, సంతోష్‌నగర్, మలక్‌పేట దాటాక చాదర్‌ఘాట్ వస్తుంది. అక్కడి హైస్కూల్లోనూ, కాచిగూడ మిడిల్ స్కూల్లోనూ పాఠాలు చెప్పిన సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ను ఫుట్‌బాల్ తెలిసినవాళ్లంతా రహీమ్ సాబ్ అనేవారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో భారత్ ఇప్పటిదాకా గెలిచిన బంగారు పతకాలు రెండే. 1951లో ఢిల్లీలో ఒకటి, 1962లో జకార్తాలో ఒకటి. రెండుసార్లూ కోచ్ ఈ టీచరే.

2024లో వచ్చిన 'మైదాన్' సినిమా మీలో కొందరు చూసే ఉంటారు. సినిమా కాబట్టి అందులో పెద్ద స్టేడియాలూ పెద్ద మ్యాచ్‌లూ ఎక్కువ. పిల్లలున్న మనకు వాటికన్నా పనికొచ్చేది, ఆ మ్యాచ్‌లకు ఎన్నో ఏళ్ల ముందు హైదరాబాద్ గ్రౌండ్లలో ఆయన చేసిన పని.

అమెరికాలో బేస్‌బాల్ జట్లకు మైనర్ లీగ్ అని ఒక ఏర్పాటు ఉంది. పెద్ద జట్టు కింద నాలుగైదు చిన్న జట్లు చిన్న చిన్న ఊళ్లలో ఆడుతుంటాయి. ఏ కుర్రాడు పైకి వస్తాడో, ఎవడు ఆగిపోతాడో అభిమానులు సీజనంతా గమనిస్తూ ఉంటారు. ఈ రోజు స్కోరు కంటే ఆ కుర్రాడు పోయిన నెల కన్నా ఎంత మెరుగయ్యాడన్నదే అక్కడ లెక్క. 1940లలో మన హైదరాబాద్‌లో అలాంటి డబ్బూ లేదు, ఏర్పాటూ లేదు. స్కూళ్లు, గల్లీ క్లబ్బులు, కంటోన్మెంట్ లీగ్‌లు మాత్రం ఉన్నాయి. ఇవన్నీ కలిపి చూసే మనిషి ఒకరు కావాలి. రహీమ్ ఆ మనిషి అయ్యారు.

ఆయన 1909లో హైదరాబాద్‌లోనే పుట్టారు. ఉస్మానియాలో చదివారు, యూనివర్సిటీ జట్టుకు ఆడారు, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. 1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యి, చనిపోయేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ కూడా. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు గెలిచింది. కలకత్తా క్లబ్బులు మన పోలీసులతో మ్యాచ్ అంటే జాగ్రత్త పడే రోజులవి.

పిల్లల కోసం ఆయన పెట్టిన టోర్నమెంట్లు విచిత్రంగా ఉండేవి. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలి దగ్గరకు రాగానే ఇంకొకరికి ఇచ్చేయాలి. ఇంకో టోర్నమెంట్లో బలమైన కాలు వాడకూడదు. కుడికాలి వాటం పిల్లవాడు ఎడమ కాలితోనే తన్నాలి. చూసేవాళ్లకు నవ్వు వచ్చే ఉంటుంది, ఎందుకంటే రోజూ నలుగురిని దాటించి గోల్ కొట్టే హీరో ఆ రోజు తడబడతాడు. పాస్ ఇవ్వాలంటే బంతి రాకముందే తలెత్తి చుట్టూ చూడాలి, తోటివాడు ఎక్కడున్నాడో తెలిసి ఉండాలి. అది అలవాటైన పిల్లలకు పెద్ద మ్యాచ్‌లో ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. మీ ఇంట్లో ఫుట్‌బాల్ ఆడే అబ్బాయో అమ్మాయో ఉంటే ఈ ఆదివారం బలహీనమైన కాలితో పది పాస్‌లు ఇవ్వమని చూడండి, రహీమ్ సాబ్ ఏం వెతికారో మీకే తెలుస్తుంది.

అయితే ఇలాంటి పోటీల్లో కప్పు గెలిచే పిల్లవాడు వేరు, రేపు పనికొచ్చే పిల్లవాడు వేరు. స్పోర్ట్స్ డే నాడు మెడల్ చూసే మన కంటికి ఆ తేడా అందదు. మన స్కూళ్లలోనూ దాని మీద చర్చ తక్కువేనని నా అభిప్రాయం.

తులసీదాస్ బలరాం సంగతి చూడండి. సికింద్రాబాద్ శివార్లలోని అమ్ముగూడ కుర్రాడు. పేద కుటుంబం, చెప్పులు లేని కాళ్లతో ఆట మొదలైంది. స్థానిక లీగ్ మ్యాచ్‌లో ఇతన్ని రహీమ్ చూశారు. హైదరాబాద్ జట్టు సెలక్షన్లకు రమ్మంటే, అంత దూరం రోజూ వచ్చి వెళ్లే స్తోమత కుర్రాడికి లేదు. ఆట సంగతి పక్కన పెట్టి ముందు రాకపోకల ఇబ్బంది తీర్చారు రహీమ్. బలరాం 1956లో హైదరాబాద్ తరఫున సంతోష్ ట్రోఫీ ఆడాడు, జట్టు గెలిచింది. అదే ఏడాది చివర మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో అతని పేరు ఉంది. లోకల్ లీగ్ నుంచి ఒలింపిక్స్ దాకా ఇంత తొందరగా రావడానికి ప్రతిభ ఒక్కటే చాలదు. మొదటి మెట్టు దగ్గర ఎవరో ఒకరు నిలబడి చూస్తూ ఉండాలి.

అప్పటికి రహీమ్‌కు పెద్ద దెబ్బ కూడా తగిలి ఉంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో బూట్లు లేకుండా ఆడారు. ఈ ఓటమి తర్వాతే దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఆ రోజు కోచ్‌ను మార్చేసి ఉంటే అడిగేవారు ఉండరు. రహీమ్ ఉన్నారు. హంగరీ జట్టు 1953లో ఇంగ్లండ్‌ను వెంబ్లీలో 6-3తో ఓడించిన పద్ధతిని శ్రద్ధగా చదివి, తన పోలీసు జట్టు మీదా కుర్రాళ్ల మీదా ప్రయోగించారు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత్ సెమీఫైనల్ చేరింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. చివరికి నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్లో మనకు ఇప్పటికీ అదే గొప్ప ఫలితం.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకుంది, హంగరీతో 2-1 తేడాతో ఓడింది. ఆ జట్టులో సయ్యద్ షాహిద్ హకీమ్ అనే హైదరాబాద్ కుర్రాడు ఉన్నాడు. కోచ్ గారి కొడుకు. జట్టు 3 మ్యాచ్‌లు ఆడింది, హకీమ్‌కు ఒక్కదాంట్లోనూ అవకాశం రాలేదు. తండ్రి పక్కనే బెంచీ మీద కూర్చుని ఒలింపిక్స్ చూసి వచ్చాడు. ఇంటికొచ్చాక ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో మనం ఊహించుకోవాల్సిందే. ఆ కొడుకు తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యాడు, కోచ్ అయ్యాడు, జీవితమంతా ఫుట్‌బాల్లోనే గడిపి 2021లో కన్నుమూశాడు.

జకార్తా నాటికి రహీమ్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్. అక్కడి మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ అతన్ని వెనక ఉంచకుండా ముందు వరసలో ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీస్‌లో అతను గోల్ కొట్టాడు. 1962 సెప్టెంబరు 4న ఫైనల్‌లో మళ్లీ అదే దక్షిణ కొరియా. స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా అరుస్తున్న జనం. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ మరొకటి కొట్టారు, 2-1తో గెలిచాం. గోల్ పోస్టుల మధ్య నిలబడింది హైదరాబాద్ వాడైన పీటర్ తంగరాజ్. బలరాం కూడా ఆ జట్టులో ఉన్నాడు.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీమ్ కన్నుమూశారు. వయసు 53. బలరాం కూడా అనారోగ్యంతో అదే ఏడాది ఆట మానేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్‌కు దక్కిన పతకం ఒక్కటే, 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాద్ కుర్రాడే. అతని ఆట మొదలైంది సిటీ పోలీస్ జట్టులో.