కడలి అడుగు మట్టిని చదివిన మారిస్ యూయింగ్



భూగోళశాస్త్రం పాఠంలో ఖండతీరపు అంచు, ఖండతీరపు వాలు, మహాసముద్ర మైదానం, అగాధం అనే మాటలు మనమందరం చదువుకున్నాం. పటం గీసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకున్నాం. అయితే మైళ్ల లోతు నీటి కింద, చీకట్లో ఉన్న ఆ వాలు మీద ఏముందో ఎవరు కనిపెట్టారని అడిగినవాళ్లు మనలో తక్కువ. అందుకు జీవితమంతా ధారపోసిన వారిలో ముందు చెప్పుకోవలసిన పేరు విలియం మారిస్ యూయింగ్. ఆయన ఒక మెట్ట రైతు కొడుకు. స్కాలర్‌షిప్ మీద చదువుకున్నవాడు. అందుకే మన హాస్టల్ సంచికలో ఆయనకు చోటు ఉండాలనిపించింది.

బాల్యం, చదువు

యూయింగ్ 1906 మే 12న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో లాక్నీ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఆ ప్రాంతం వాన చాలని మెట్ట నేల. సముద్రం అక్కడికి వందల మైళ్ల దూరం. తల్లిదండ్రులకు పదిమంది సంతానం. ముందు పుట్టిన పిల్లలు పసితనంలోనే చనిపోవడంతో బతికినవారిలో ఈయనే పెద్దవాడయ్యాడు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. కానీ పిల్లలు చదువుకోవాలన్న పట్టుదల ఆ తల్లిదండ్రులకు గట్టిగా ఉండేది.

పదహారేళ్ల వయసులో హ్యూస్టన్ నగరంలోని రైస్ విద్యాసంస్థలో చేరాడు. స్కాలర్‌షిప్ వచ్చినా ఖర్చులకు చాలేది కాదు. రాత్రంతా తెరిచి ఉండే మందుల దుకాణంలో పనిచేసి, పగలు తరగతులకు వెళ్లేవాడు. సెలవుల్లో ధాన్యం గిడ్డంగుల్లోనూ, చమురు వెతికే బృందాల్లోనూ కూలికి వెళ్లాడు. ఆ చమురు బృందాల దగ్గరే ఒక కిటుకు నేర్చుకున్నాడు. నేలలో మందుగుండు పేలిస్తే పుట్టే ప్రకంపనలను కొలిచి, కింద ఏ పొర ఎంత లోతున ఉందో లెక్కగట్టవచ్చు. తర్వాత ఆయన జీవితాన్ని నడిపించింది ఈ కూలి పనిలో దొరికిన జ్ఞానమే.

విద్యార్థిగా ఉన్నప్పుడే, 1926లో, వెన్నెల్లో మంచుబిందువుల మీద కనిపించే ఇంద్రధనుస్సు గురించి ఆయన రాసిన చిన్న వ్యాసం సైన్స్ పత్రికలో అచ్చయింది. 1931లో రైస్ నుంచే డాక్టరేట్ పొందాడు. అప్పటికే లీహై విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాడు.

సముద్రం వైపు మళ్లిన దారి

1934లో ఇద్దరు పెద్దలు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. ఒకరు ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ రిచర్డ్ ఫీల్డ్, మరొకరు ప్రభుత్వ తీర సర్వే శాఖకు చెందిన విలియం బోవీ. ఖండతీరపు అంచు అనేది రాతి గట్టా, లేక నదులు తెచ్చి పోసిన మట్టి కుప్పా అన్నది వారి సందేహం. నేల మీద వాడే ప్రకంపనల పద్ధతిని సముద్రంలో వాడి తేల్చగలవా అని అడిగారు. సముద్రం మీద అలాంటి పని అంతకు ముందు ఎవరూ చేయలేదు. యూయింగ్ ఒప్పుకున్నాడు.

1935లో అట్లాంటిస్ అనే పరిశోధన నౌక ఎక్కాడు. పరికరాలు కొనే డబ్బు లేదు. శిష్యులతో కలిసి దొరికిన సామానుతో సొంతంగా తయారు చేసుకున్నాడు. పద్ధతి చెప్పుకుంటే సులువే. ప్రకంపన మెత్తని మట్టిలో నిదానంగా, గట్టి రాతిలో వేగంగా పోతుంది. పేలుడు జరిగిన చోటు నుంచి వేర్వేరు దూరాలకు అది చేరే సమయాన్ని బట్టి మట్టి మందం తెలుస్తుంది. కొలిచి చూస్తే తీరం దగ్గర పలుచగా ఉన్న మట్టి, సముద్రంలోకి పోయేకొద్దీ వేల అడుగుల మందానికి పెరిగింది. అంటే ఖండం అంచున ఉన్నది యుగాల తరబడి పోగుపడిన మట్టి. దీన్నే అవక్షేపం అంటాం.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థలో నౌకాదళం కోసం పనిచేశాడు. సముద్రంలో ఒక లోతున శబ్దం వందల మైళ్ల దూరం ప్రయాణించే మార్గం ఉందని నిరూపించినది అప్పుడే. 1944లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరాడు. న్యూయార్క్ దగ్గర హడ్సన్ నది ఒడ్డున ఒక బ్యాంకరు కుటుంబం తమ భవనాన్ని విశ్వవిద్యాలయానికి విరాళంగా ఇచ్చింది. 1949లో అక్కడే లమాంట్ భూగర్భ పరిశోధనాలయం మొదలైంది. దానికి తొలి డైరెక్టర్ యూయింగ్. ఆ భవనం వంటగది రసాయన ప్రయోగశాల అయింది.

తెగిన తీగలు చెప్పిన సాక్ష్యం

1929 నవంబర్ 18 సాయంత్రం, కెనడా తూర్పు తీరానికి ఆవల, గ్రాండ్ బ్యాంక్స్ దగ్గర 7.2 తీవ్రత గల భూకంపం వచ్చింది. దాని వెంట వచ్చిన సునామీలో న్యూఫౌండ్‌లాండ్ తీరంలో 28 మంది చనిపోయారు. అదే సమయంలో సముద్రం అడుగున ఉన్న 12 టెలిగ్రాఫ్ తీగలు తెగాయి. భూకంపం దగ్గరివి వెంటనే తెగాయి. దూరంగా, లోతున ఉన్నవి మాత్రం ఒకదాని తర్వాత ఒకటి తెగుతూ పోయాయి. చివరి తీగ 13 గంటల 17 నిమిషాల తర్వాత తెగింది. భూమి అన్ని గంటలు కంపించలేదు కదా! మరి తీగలను వరుసగా తెంపినదేమిటి?

ఇరవై ఏళ్లకు పైగా ఆ ప్రశ్నకు సరైన సమాధానం దొరకలేదు. బురద కలిసిన నీరు బరువెక్కి వాలు వెంట జారగలదని హార్వర్డ్ ప్రొఫెసర్ రెజినాల్డ్ డేలీ 1936లో ఊహించాడు. డచ్ శాస్త్రవేత్త ఫిలిప్ క్యూనెన్ నీటి తొట్టెల్లో ప్రయోగాలు చేసి దాన్ని చూపించాడు. 1952లో యూయింగ్, ఆయన శిష్యుడు బ్రూస్ హీజెన్ కలిసి తీగలు తెగిన సమయాలను, దూరాలను పక్కపక్కన పెట్టారు. భూకంపానికి వాలు మీది మట్టి విరిగి, నీటితో కలిసి, పెద్ద బురద వరదగా మారి లోతుకు పరుగెత్తిందని తేల్చారు. నిటారు వాలులో దాని వేగం గంటకు సుమారు 100 కిలోమీటర్లని లెక్కగట్టారు. తర్వాతి పరిశోధకులు ఆ వేగాన్ని కొంత తగ్గించారు గానీ అసలు విషయం మారలేదు. తర్వాత ఆ వరద ఆగిన చోట గొట్టం దించి చూస్తే, అడుగున ముతక రేణువులు, పైకి వచ్చేకొద్దీ సన్నని మట్టి ఉన్న పొర దొరికింది. గ్లాసు నీళ్లలో మట్టి కలిపి కదపకుండా ఉంచితే ముందు ఇసుక, ఆ మీదట ఒండ్రు పేరుకుంటాయి కదా, అలాగే.

1954 సెప్టెంబర్ 9న అల్జీరియాలోని ఓర్లియాన్విల్ దగ్గర భూకంపం వచ్చినప్పుడు మధ్యధరా సముద్రంలోనూ తీగలు తెగాయి. యూయింగ్, హీజెన్ దాన్నీ పరిశీలించి 1955లో వ్యాసం రాశారు. ఆ తీరం రెండు భూఫలకాలు ఢీకొనే చోటు. అదే తీరంలో 2003లో భూకంపం వచ్చినప్పుడు మళ్లీ తీగలు తెగాయి.

కదిలే నేల మీద మట్టి ఎలా పేరుకుంటుంది?

స్థిరంగా ఉన్న తీరంలో నది తెచ్చిన మట్టి పొర మీద పొరగా నెమ్మదిగా పేరుకుంటుంది. భూఫలకాలు ఢీకొనే తీరంలో సంగతి వేరు. అక్కడ సముద్రపు అడుగు ఖండం కిందికి దూరిపోతుంటుంది. దాని మీదున్న మట్టిలో కొంత లోపలికి పోతుంది, కొంత గీరుకుపోయి వాలు అడుగున కుప్పపడుతుంది. పారతో మట్టి నెడితే పార ముందు ముడతలుగా పోగవుతుంది చూడండి, అలాంటిదే. ఆ ముడతలు సముద్రంలో గట్లవుతాయి. గట్ల వెనుక పల్లాలు ఏర్పడతాయి. నది నుంచి వచ్చిన మట్టి ముందు ఆ పల్లాల్లో, చెరువులో పూడికలా నిండుతుంది. భూకంపం వచ్చినప్పుడు వాలు మీది లేత మట్టి జారి, సముద్రపు లోయల గుండా అగాధంలోకి పోతుంది. ఫలకం దాన్ని మళ్లీ వాలు వైపే మోసుకొస్తుంది. ఇలా మట్టి దిగుతూ, మళ్లీ వాలుకు అతుక్కుంటూ ఉంటుంది. ఇంకో విశేషం ఏమిటంటే, ప్రతి కుదుపుకూ మట్టి జారిపోదు. మాటిమాటికీ కుదిపితే మట్టిలోని నీరు బయటికి పోయి అది గట్టిపడుతుంది కూడా.

రోజుకో మట్టి గొట్టం

1953లో లమాంట్‌కు వీమా అనే మూడు తెరచాపల నౌక వచ్చింది. ఎక్కడున్నా సరే, రోజుకు ఒకసారి నౌక ఆపి, గొట్టం దించి అడుగు మట్టి తీయాలన్నది యూయింగ్ పెట్టిన నియమం. ఆ మట్టితో ఆ రోజు పని ఉందా లేదా అని ఆయన చూడలేదు. ఎప్పటికైనా ఎవరికో పనికొస్తుందని నమ్మాడు. వేల సంఖ్యలో మట్టి గొట్టాలు అలా భద్రమయ్యాయి.

1954 జనవరిలో తుఫానులో చమురు పీపాలను కట్టివేస్తుండగా పెద్ద అల వచ్చి యూయింగ్‌నూ, తమ్ముడు జాన్‌నూ, మరో ఇద్దరినీ సముద్రంలోకి ఈడ్చేసింది. ముగ్గురు బతికారు, ఒకరు గల్లంతయ్యారు. ఆ దెబ్బకు యూయింగ్ జీవితాంతం కుంటుతూ నడిచాడు. అయినా నౌక ఎక్కడం మానలేదు.

ఆయనలో లోపాలు లేవని కాదు. రాత్రీ పగలూ పనిలోనే ఉండేవాడు, ఇతరులూ అలాగే ఉండాలనేవాడు. కుటుంబ జీవితం నిలకడగా సాగలేదు. లమాంట్ నౌకల్లో చాలా ఏళ్లు ఆడవారిని ఎక్కనివ్వలేదు. సముద్రపు అడుగు పటాలు గీసి, అట్లాంటిక్ మధ్య పర్వతశ్రేణిలో చీలిక లోయ ఉందని ముందుగా గుర్తించిన మేరీ థార్ప్ ఒడ్డునే కూర్చుని పనిచేయవలసి వచ్చింది. ఆడపిల్లలు అవకాశం అడిగి సాధించుకోవలసిన అవసరం ఎంత ఉందో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

ఖండాలు కదులుతాయన్న సిద్ధాంతాన్ని యూయింగ్ చాలాకాలం నమ్మలేదు. విచిత్రం ఏమిటంటే, 1966 నుంచి 1968 వరకు ఆ సిద్ధాంతానికి బలమైన రుజువులు ఆయన పరిశోధనాలయం నుంచే, ఆయన పోగు చేయించిన కొలతల నుంచే, అక్కడి యువకుల చేతుల మీదుగానే వచ్చాయి. తన నమ్మకానికి ఎదురు వస్తాయని ఆయన ఆ కొలతలను దాచలేదు, ఆపలేదు. 1967 నాటికి తానే తమ్ముడితో కలిసి సముద్రపు అడుగు విస్తరణను లెక్కలోకి తీసుకుని వ్యాసం రాశాడు. ఆయన జీవితంలో మనం అన్నింటికంటే గౌరవించవలసింది ఇదేనని నా అభిప్రాయం.

1968లో సముద్రపు అడుగును తవ్వే గ్లోమర్ ఛాలెంజర్ నౌక తొలి యాత్రకు వార్జెల్‌తో కలిసి నాయకత్వం వహించాడు. 1972లో టెక్సాస్‌కు తిరిగి వెళ్లాడు. 1974 మే 4న గాల్వెస్టన్‌లో కన్నుమూశాడు.

మనకేమిటి సంబంధం?

ఆయన పోయాక కూడా దాచిన మట్టి మాట్లాడింది. 1990లో జాన్ ఆడమ్స్ అనే శాస్త్రవేత్త, అమెరికా పశ్చిమ తీరపు వాలు కింద అంతకు చాలా ఏళ్ల ముందు తీసిన మట్టి గొట్టాలను పరిశీలించాడు. సుమారు 7,700 ఏళ్ల నాటి అగ్నిపర్వత బూడిద పైన 13 బురద వరద పొరలు లెక్కకు వచ్చాయి. తుఫానుకో, నది వరదకో కూడా మట్టి జారవచ్చు. కానీ వేర్వేరు సముద్రపు లోయల్లో ఒకే లెక్క రావడం, రెండు లోయలు కలిసిన చోట కూడా ఆ లెక్క రెట్టింపు కాకపోవడం చూస్తే, అవన్నీ ఒకేసారి జారాయని అర్థమవుతుంది. అలా ఒకేసారి జార్చగలిగేది పెద్ద భూకంపమే. అలాంటి చివరి భూకంపం 1700లో వచ్చింది. రాతలో లేని చరిత్ర బురదలో దొరికింది.

మన బంగాళాఖాతం అడుగున గంగా, బ్రహ్మపుత్రలు తెచ్చిన మట్టి ప్రపంచంలోనే అతి పెద్ద సముద్రపు మేటగా పరుచుకుని ఉంది. దాని తూర్పు అంచు అండమాన్, సుమత్రా వాలు కిందికి జరుగుతోంది. 2004 డిసెంబర్ 26న అక్కడ వచ్చిన భూకంపం, సునామీ మన కోస్తా జిల్లాల్లోనూ మత్స్యకారుల ప్రాణాలు తీసింది. ఆ తర్వాత 2007లో హైదరాబాద్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. సముద్రం లేని నగరంలో కూర్చుని సముద్రాన్ని కనిపెట్టుకుని ఉండే ఉద్యోగాలు అక్కడ ఉన్నాయి. భౌతికశాస్త్రం, గణితం, భూగర్భశాస్త్రం చదివిన వారికి ఆ తలుపులు తెరిచే ఉంటాయి.

సముద్రం చూడని మెట్ట ఊరి నుంచి వచ్చిన ఒక కుర్రవాడు రాత్రి కూలి చేసి చదువుకుని, సముద్రపు అడుగును లోకానికి చూపించాడు. మన హాస్టల్ గదుల్లోనూ అలాంటివారు ఉన్నారు. రోజుకో మట్టి గొట్టం అన్న ఆయన నియమాన్ని రోజుకో పాఠం అని మార్చుకుందాం. ఈ రోజు నేర్చుకున్నది ఎప్పుడు అక్కరకొస్తుందో ఇప్పుడే తెలియకపోవచ్చు. అయినా నేర్చుకుని దాచుకుందాం.