ధాత కరువులో విలియం డిగ్బీ

ధాత నామ సంవత్సరంలో, అనగా 1876లో, వానలు మొగం చాటు చేయగా మద్రాసు రాజధానిలో పుట్టిన క్షామం 1878 దాకా జనాన్ని పీడించినది. బళ్లారి, కర్నూలు, కడప మండలాలు అందరికంటె ఎక్కువ మాడినవి. 1871 జనాభా లెక్కలలో 13 లక్షల 51 వేలున్న కడప మండల జనం 1881 నాటికి 11 లక్షల 21 వేలకు దిగినది. కరువనగానే ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారిని తలచుకోవడం మన సీమవారికి అలవాటు. న్యాయమే. కాని అది 1866 నాటి కథ. ధాత కరువు నాటికి ఒక ఇంటి గాదె, ఒక దాత చేయి చాలే స్థితి దాటిపోయినది. ఎక్కడెక్కడి దేశాలవారో ఆదుకోవలసి వచ్చినది. వారు పంపిన సొమ్మును ఊరూరికి చేర్చే ఏర్పాటుకు కార్యదర్శిగా నిలిచినవాడు ఒక పత్రికా సంపాదకుడు.

విలియం డిగ్బీ 1849లో ఇంగ్లండులోని విస్‌బెచ్ పట్టణంలో జన్మించినాడు. పెద్ద చదువులు చదివినవాడు కాడు. తన ఊరి పత్రికాలయంలోనే పని నేర్చినాడు. 1871లో సింహళం చేరి సిలోన్ అబ్జర్వరుకు ఉపసంపాదకుడై, పేదవాని ధాన్యంపై పన్ను కూడదని వాదించినాడు. 1877లో మద్రాసు టైమ్సు సంపాదకత్వం స్వీకరించేసరికి కరువు నడినెత్తిన ఉన్నది.

అప్పటికి దొరలలో దొరలకే పొసగడం లేదు. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు ప్రభుత్వ పక్షాన ధాన్యం కొనిపించగా, అది వర్తకానికి అడ్డమని పైప్రభుత్వం ఆక్షేపించినది. వైస్రాయి లిట్టను పంపిన రిచర్డు టెంపులు కరువుపనులలో మగవానికి దినానికి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. ఒక పౌనంటే నేటి లెక్కకు సుమారు 450 గ్రాములు. రాళ్లు కొట్టేవానికి ఇది చాలదని ఆరోగ్యాధికారి కార్నిషు మొరపెట్టినాడు. ఆ ఏడే కూలి పెంచక తప్పలేదు. ఇక ధాన్యం రేవున దిగినా, రైలు ఎర్రగుంట్ల, ముద్దనూరుల దాకానే వచ్చేది. అక్కడినుండి ప్రొద్దుటూరికి, జమ్మలమడుగుకు, పులివెందులకు బండ్లే గతి. మేత లేక ఎద్దులు కూలిపోతే బండి కదిలేదెట్లు?

1877 ఆగస్టులో మద్రాసులో సభ జరిగినది. గవర్నరు లండను మేయరుకు తంతి పంపగా మాన్షన్ హౌసులో నిధి ప్రారంభమైనది. లాంకషైరు పట్టణాలు, ఆస్ట్రేలియా వలసరాజ్యాలు చందాలు పంపినవి. మన మగ్గాలను మూలబెట్టిన మిల్లుబట్ట నేసింది ఆ లాంకషైరే, విధివైచిత్రి మరేమనగలము! మొత్తం 8 లక్షల 20 వేల పౌన్లు పోగైనది. ఈ దానం తమ ఏర్పాట్లకు అడ్డురాగలదని వైస్రాయి మొదట రుచించుకోలేదు.

నిధికి గౌరవ కార్యదర్శియైన డిగ్బీ సామర్థ్యం తెలిసేది ఇక్కడే. నేడు విపత్తు వేళ ఐక్యరాజ్యసమితి సంస్థలు ప్రభుత్వాలతో కలిసి ఎవరి పాలు ఏదో పంచుకోవడం మనకు పరిచితమే. ఆనాడు ఆ పద్ధతికి పేరైనా లేదు. ప్రాణం నిలుపు బాధ్యత ప్రభుత్వానిది, ఆ ప్రాణిని మరల మనిషిగా నిలుపుట నిధి పని అని హద్దు ఏర్పడినది. అనాథ శిశువుల పోషణ, చేయి చాచలేని మర్యాదస్థులకు గుట్టుగా సాయం, కట్టుబట్ట, పడిపోయిన ఇంటికి కప్పు, అన్నిటికంటె ముఖ్యంగా రైతుకు విత్తనం, ఎద్దు నిధి వంతుకు వచ్చినవి. గంజి త్రాగి బ్రతికిన రైతుకు వాన పడిన నాడు కావలసినది మరొక ముంత గంజి కాదు గదా! పంపిణీ మద్రాసునుండి సాగించక, నూటికి పైగా స్థానిక సంఘాలకు అప్పగించినారు. ఊరివాని కష్టం ఊరివానికే తెలియుననే ఈ నమ్మకం, నా దృష్టిలో, సొమ్ముకంటె విలువైనది.

1878లో డిగ్బీకి సి.ఐ.ఇ. బిరుదు లభించినది. ఆ సంవత్సరమే ఈ క్షామచరిత్రను రెండు సంపుటాలుగా ప్రకటించి, 1879లో స్వదేశం చేరినాడు. ప్రభుత్వం క్షామ విచారణ సంఘాన్ని నియమించి, 1883లో క్షామ నిబంధనావళిని వెలువరించినది. డిగ్బీ మాత్రం కరువును మరువలేదు. కాంగ్రెసు బ్రిటిషు సంఘానికి కార్యదర్శియై, ఇండియా పత్రికను నడిపినాడు. పార్లమెంటుకు పోటీచేసి ఓడినాడు. 1901లో, సర్కారు లెక్కలనే ముందు పెట్టుకొని, భారతీయుని దినాదాయం 1850లో రెండు పెన్నీలుండగా 1900 నాటికి ముక్కాలు పెన్నీకి దిగినదని ఒక పెద్ద గ్రంథంలో లెక్క కట్టినాడు. ఆ గ్రంథం వెలువడిన మూడేండ్లకు, 1904 సెప్టెంబరులో, లండనులో కన్నుమూసినాడు.