విహంగ విజ్ఞాని సాలిం అలీ

ప్రపంచంలో పదివేలకు పైగా పక్షి జాతులున్నాయని శాస్త్రజ్ఞులు లెక్కించారు. మన దేశంలో కనిపించేవే 1,300కు మించి ఉన్నాయి. కాకిని, చిలుకను, కొంగను విడిచిపెడితే తక్కినవాటిని పేరు పెట్టి పిలవలేనివారే మనలో అధికులు. ఒక పిచ్చుకకూ మరొక పిచ్చుకకూ గల భేదమేమిటన్న సందేహమే ఒక బాలుని జీవితాన్ని మలుపు తిప్పిందంటే మా విద్యార్థులకు వింతగా తోచవచ్చు. ఆ బాలుడే డాక్టర్ సాలిం అలీ.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో ఒక సులేమానీ బోహ్రా కుటుంబంలో జన్మించారు. ఏడాది వయసులో తండ్రి, మూడేండ్లకు తల్లి గతించారు. సంతానం లేని మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్‌జీ దంపతులు ఆయనను, తోబుట్టువులను చేరదీసి పెంచారు. మేనమామకు వేట అంటే మక్కువ. ఆయన కానుకగా ఇచ్చిన గాలి తుపాకితో సాలిం ఒకనాడు ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతుపై పసుపు మచ్చ కనిపించింది. ఇది ఊరపిచ్చుక కాదు. మరి దీని మాంసం ముసల్మాను తినదగినదేనా? మేనమామ తేల్చలేక, తాను సభ్యుడుగా ఉన్న బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. అక్కడి కార్యదర్శి మిల్లర్డ్ దొర దానిని పసుపుగొంతు పిచ్చుకగా గుర్తించాడు. ఊరపిచ్చుక ఇండ్ల చూరులలో గూడు కడితే ఇది చెట్టు తొర్రను వెతుక్కొంటుంది. మగదాని భుజంపై ఇటుకరంగు పట్టీ ఉంటుంది. మిల్లర్డ్ అంతటితో ఊరుకోక, సొసైటీలో భద్రపరచిన పక్షులను అరలు తెరచి చూపించాడు. ధర్మసందేహంతో వెళ్లిన బాలుడు శాస్త్రజిజ్ఞాసతో తిరిగి వచ్చాడు.

చదువు మాత్రం సజావుగా సాగలేదు. కళాశాల విడిచి బర్మాలోని తవాయికి కుటుంబ వ్యాపారం నిమిత్తం వెళ్లారు. వ్యాపారం కంటె అడవులే ఆయనను ఎక్కువగా ఆకర్షించాయి. తిరిగివచ్చి 1918లో తెహ్మీనా బేగంను వివాహమాడారు. జంతుశాస్త్రం అభ్యసించారు గాని పట్టా మాత్రం చేతికి రాలేదు. ఆ లోటు కారణంగా జువలాజికల్ సర్వే ఉద్యోగం చేజారింది. 1926లో బొంబాయి మ్యూజియంలో దొరికిన చిన్న కొలువు కూడా, బెర్లిన్‌లో స్ట్రెసెమన్ పండితుని వద్ద శిక్షణ పొంది 1930లో తిరిగివచ్చేసరికి నిధుల కొరతతో రద్దయింది.

నిరుద్యోగియైన ఆ విద్వాంసుడు భార్యతో కూడ సముద్రతీరాన కిహిం గ్రామంలోని ఇంటికి చేరుకొన్నారు. ఆ సమీపంలో గిజిగాళ్లు గూళ్లు కట్టుకొన్నాయి. జాషువా గారి పద్యాలలో గిజిగాని నేర్పును చదువుకొన్న మనకు ఇది ఆసక్తికరం. సాలిం అలీ నెలల తరబడి కనిపెట్టి తేల్చినదేమంటే, గూడు అల్లేది మగపక్షి. అది సగం అయ్యేసరికి ఆడపక్షి వచ్చి పరీక్షిస్తుంది. నచ్చితే కాపురం పెడుతుంది, నచ్చకుంటే ఎగిరిపోతుంది. ఆమె గుడ్లు పెట్టగానే మగపక్షి వేరొక గూటికి పునాది వేస్తుంది, మరొక ఇల్లాలి కోసం! ఈ పరిశోధనే ఆయనకు శాస్త్రలోకంలో పేరు తెచ్చింది. కొలువు పోకుండా ఉంటే ఆయన కిహింలో అన్నాళ్లు కూర్చొని ఉండేవారా అని మాకు అనుమానమే.

పిమ్మట సంస్థానాధీశులకు ఆయన ఒక సూచన చేశారు: ప్రయాణపు ఖర్చు, బసల ఖర్చు భరిస్తే చాలు, జీతం అక్కర లేదని. ఆ ప్రకారం 1931-32లో నైజాం రాజ్యమంతటా పక్షుల సర్వే జరిగింది. తెలంగాణ అడవులలో గుడారాలు వేసికొని తెహ్మీనా బేగం ఆయన వెంటే ఉన్నారు. పక్షిని కొట్టి, చర్మం తీసి, కొలతలు వ్రాసి భద్రపరచడం ఆనాటి పద్ధతి. పక్షిప్రేమికుడు పక్షిని చంపుటయేమని ఈనాటివారికి తోచడం సహజం. కాని దూరం నుండి ఒకేలా కనిపించే రెండు జాతుల ఈకల తేడా చేతిలోకి వస్తే గాని తెలియని రోజులవి. 1959 నుండి ఆయన ఆధ్వర్యంలో వలలతో పట్టి, కాలికి లోహపు కడియం తొడిగి, ప్రాణాలతో విడిచిపెట్టే కార్యక్రమం పెద్ద ఎత్తున సాగింది.

1939లో ఒక చిన్న శస్త్రచికిత్స అనంతరం తెహ్మీనా బేగం మరణించారు. ఆ తరువాత ఆయన మరల వివాహమాడలేదు. 1941లో వెలువడిన భారతీయ పక్షుల గ్రంథంలో ప్రతి పక్షి పరిమాణాన్నీ పిచ్చుకంత, గోరువంకంత, కాకంత అని ఎరిగిన పక్షులతో పోల్చి చెప్పారు. తోక, ముక్కు, రంగు పిమ్మట వస్తాయి. పామరునికి సైతం దారి చూపే పద్ధతి అది. డిలన్ రిప్లీతో కలిసి రచించిన పది సంపుటాల మహాగ్రంథం 1968-74 మధ్య వెలువడింది. 1976లో పద్మవిభూషణ్, 1985లో రాజ్యసభ సభ్యత్వం ఆ పట్టా లేని విద్వాంసుని వరించాయి.

1986లో ఆ సొసైటీ పరిశోధకులే మన కడప జిల్లాలో కలివికోడిని తిరిగి కనుగొన్నారు. 1900 తరువాత ఎవరి కంటా పడనందున అంతరించిందని శాస్త్రజ్ఞులు భావించిన పక్షి అది. రాత్రివేళ సంచరించేది, రొమ్ముపై రెండు గోధుమరంగు పట్టీలు దాని గుర్తు. అప్పటికి సాలిం అలీకి తొంబది ఏండ్లు నిండవస్తున్నాయి. మరుసటి సంవత్సరం, 1987లో, బొంబాయిలో ఆయన కన్నుమూశారు.