సీలు మాంసం తిన్న ప్రొఫెసరుగారు

కొవ్వంటేనే హడలిపోతున్నాం కదా! అందులో ప్రాణానికి అవసరమైనదీ ఉందని వాదించి నవ్వులపాలైన మనిషి హ్యూ సింక్లెయిర్. 1910లో ఎడింబరోలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో ఆహార పరిశోధకుడయ్యారు. యుద్ధం రోజుల్లో, 1944లో కెనడా వెళ్ళి ఇన్యూట్ ప్రజల్ని చూశారు. తిండంతా మాంసం, కొవ్వే. అయినా గుండెజబ్బు అరుదనిపించింది. కొన్ని కొవ్వు ఆమ్లాలు ఒంట్లో తయారు కావు, తిండిలోంచే రావాలి, అవి తగ్గితేనే ఇలాంటి జబ్బులని 1956లో లాన్సెట్ పత్రికకి రాశారు. పెద్దలు కొట్టిపారేశారు. 1958లో రీడర్ పదవీ పోయింది.

ఆయన ఊరుకోలేదు. 1979లో, 69 ఏళ్ళ వయసులో, 100 రోజులు సీలు మాంసం, చేపలతోనే గడిపారు. గాయమైతే నెత్తురు ఆగడానికి 3 నిమిషాలు పట్టేది కాస్తా 50 దాటింది!

చేపల్లోని ఒమేగా-3 నెత్తుటిని తొందరగా గడ్డకట్టనివ్వదని, ఒంట్లో వాపు పుట్టించే పదార్థాల్ని తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది. ఇన్యూట్‌లకి గుండెజబ్బు తక్కువన్న మాట మీద మాత్రం తర్వాత సందేహాలొచ్చాయి. 1990లో ఆయన కన్నుమూశారు.

మనకి ఆ సాహసాలొద్దు. వారానికి ఒకట్రెండుసార్లు చేపల పులుసు, శాకాహారులైతే చెంచాడు అవిసె గింజల పొడి చాలు. చేపనూనె మాత్రలు మాత్రం డాక్టరుగారిని అడిగాకే సుమా!