శ్రీ బూర్గుల రామకృష్ణారావుగారి జీవితము

శ్రీ బూర్గుల రామకృష్ణారావుగారు 1899 మార్చి 13వ తేదీన పాలమూరు సీమయందలి పడకల్ గ్రామమున జన్మించిరి. ఇంటిపేరు పుల్లంరాజువారే యైనను, స్వగ్రామమగు బూర్గుల పేరే వారికి ఇంటిపేరై నిలిచెను. పూనా ఫెర్గూసన్ కళాశాలలో చదివి, బొంబాయి విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము ముగించి, హైదరాబాదున వకీలు వృత్తి చేపట్టిరి. సంస్కృతాంధ్రములతోపాటు ఉర్దూ, పారసీక భాషలయందును గొప్ప పండితులు. శంకరుల సౌందర్యలహరిని తెనిగించిరి.

నిజాము ఏలుబడిలో తెలుగు మాటకు సభలయందు మన్నన లేని దినములవి. 1921లో ఆంధ్ర జనసంఘమును నెలకొల్పినవారిలో వీరొకరు. ఊరూర గ్రంథాలయములు స్థాపించుట ఆ సంఘాశయములలో ఒకటి. 1931లో దేవరకొండయందు జరిగిన ద్వితీయాంధ్ర మహాసభకు వీరు అధ్యక్షత వహించిరి. 1950లో రెవెన్యూ మంత్రియై, 1952 మార్చి 6న హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రియైరి.

1955లో ఫజల్ అలీ సంఘము తెలంగాణమును కొంతకాలము వేరుగా నుంచి, 1961 ప్రాంతపు ఎన్నికల పిమ్మట శాసనసభ్యులలో మూడింట రెండువంతులు సమ్మతించినచో ఆంధ్రతో చేర్చవచ్చునని సూచించెను. కలసినచో ఉద్యోగములు చేజారునని, ఆబ్కారీ రాబడి తరలిపోవునని కేసముద్రము వంటి ఊళ్లున్న తెలంగాణమున పలువురికి భయము. రామకృష్ణారావుగారును మొదట సంశయించి, తుదకు విశాలాంధ్ర పక్షము వహించిరి.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఇరుప్రాంతముల నాయకులు పెద్దమనుషుల ఒప్పందము చేసికొనిరి. తెలంగాణ పక్షమున వీరును, కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నరసింగరావుగార్లును సంతకములు చేసిరి. కొత్త శాసనసభలోని 301 స్థానములలో తెలంగాణమునకు 105 మాత్రమే. అనగా నూటికి 35 వంతులు. కావున మంత్రివర్గమున నూటికి 40 వంతులు, ముఖ్యమంత్రి ఆంధ్రుడైనచో ఉపముఖ్యమంత్రి పదవి, తెలంగాణ శాసనసభ్యులతో ఒక ప్రాంతీయ సంఘము కోరి పొందిరి.

1787లో అమెరికా రాష్ట్రములు ఒక్క ప్రభుత్వమును కూర్చుకొన్నపుడు చిన్న రాష్ట్రములకును ఇట్టి భయమే కలిగెను. ఒక సభలో జనసంఖ్యనుబట్టియు, రెండవ సభలో ప్రతి రాష్ట్రమునకు సమానముగను స్థానములిచ్చి, ఆ యేర్పాటును రాజ్యాంగముననే వ్రాసికొనిరి. ఇచ్చట ప్రాంతీయ సంఘమునకు మాత్రమే రాజ్యాంగపు 371వ అధికరణము ఆధారమయ్యెను. 1958లో ఏర్పడిన ఆ సంఘము 1973 నాటి షట్సూత్ర పథకము వరకు నిలిచెను. ఉపముఖ్యమంత్రి పదవికి అట్టి ఆధారము లేదు. నీలం సంజీవరెడ్డిగారి తొలి మంత్రివర్గముననే అది కానరాలేదు.

ఐక్యతకై రామకృష్ణారావుగారు తమ ముఖ్యమంత్రి పీఠమునే వదలుకొనిరి. 1956 నవంబరులో కేరళకును, 1960లో ఉత్తర ప్రదేశమునకును గవర్నరులై, 1967 సెప్టెంబరు 15న దివంగతులైరి. హామీలు చెల్లలేదని 1969లో రేగిన ఉద్యమమునుగాని, 2014 జూన్ 2న ఏర్పడిన తెలంగాణ రాష్ట్రమునుగాని వారు చూడలేదు. వారి త్యాగము సత్యమైనది. అయినను పెద్దమనుషుల మాట ఎదుటివారి మనసున్నంతవరకే చెల్లును. శాసనమున కెక్కిన మాటయే బలహీనునకు అండయగును. వారి చరిత్ర నేర్పు పాఠమిదియే.