శ్రీ సుకుమార సేనుగారు

ఎన్నికలయందు గెలిచినవారి పేరులు లోకమున మ్రోగుచుండును. ఆ ఎన్నికలను నడపినవారి పేరులు మాత్రము ఎవ్వరికిని గుర్తుండవు. స్వతంత్ర భారతదేశమునకు మొట్టమొదటి ప్రధాన ఎన్నికల కమీషనరై, కోట్లకొలది జనుల పేరులను ఓటర్ల పట్టికలకు ఎక్కించిన శ్రీ సుకుమార సేనుగారు అట్టివారిలో నొకరు. కొలది యేండ్లలో తామును ఓటర్లు కానున్న మన విద్యార్థులు వారి చరిత్రమును ఎఱుంగుట ఆవశ్యకమని తలచి, దానిని సంగ్రహముగా నిచట వ్రాయుచున్నాము.

సేనుగారు పంతొమ్మిదవ శతాబ్ది తుదిని వంగదేశమున జన్మించిరి. కలకత్తాలోని ప్రెసిడెన్సీ కళాశాలయందును, పిదప లండను విశ్వవిద్యాలయమునందును చదివి, గణితశాస్త్రమున బంగారు పతకమును బడసిరి. 1921లో ఇండియన్ సివిల్ సర్వీసున జేరి, పెక్కు జిల్లాలలో ఉద్యోగము చేసి, న్యాయాధిపతిగా నుండి, తుదకు పశ్చిమ వంగరాష్ట్రమునకు ప్రధాన కార్యదర్శి యైరి. 1950 మార్చి 21వ తేదీన ఎన్నికల సంఘమునకు అధిపతిగా నియమింపబడిరి. అప్పటికి ఆ సంఘము పుట్టి రెండు నెలలైనను నిండలేదు.

వారికి అప్పగింపబడిన కార్యము ఎంతటిదో మనము ఊహింపవలెను. ఆంగ్లప్రభుత్వ కాలమున ఓటు కొందఱి సొత్తు. ఆస్తియో, పన్నో, చదువో కలవారికే అది లభించుచుండెను. స్త్రీలలో కొందఱకు భర్త ఆస్తినిబట్టి వచ్చుచుండెను. క్రొత్త రాజ్యాంగము ఈ భేదములను త్రోసివేసి, 21 ఏండ్లు నిండిన ప్రతివారికిని, ధనికులకును పేదలకును, పురుషులకును స్త్రీలకును ఒక్కొక్క ఓటు నొసంగెను. అట్టివారు దేశమున 17 కోట్లకు పైబడి యుండిరి. నూటికి ఇంచుమించు 85 మందికి చదువు రాదు. వీరందఱి పేరులను ఊరూర, ఇంటింట విచారించి వ్రాయవలెను. ఆ పట్టికలను టైపు చేసి కూర్చుటకే 16,500 మంది గుమాస్తాలు ఆఱు నెలలపాటు పనిచేసిరి.

ఈ పనియందే సేనుగారికి చిత్రమైన చిక్కు ఎదురయ్యెను. ఉత్తరదేశమున పెక్కుచోట్ల స్త్రీలు పరపురుషునకు తమ పేరు చెప్పుట మర్యాద కాదని తలచిరి. లెక్క వ్రాయవచ్చినవానితో ఒకతె తాను ఫలానివాని భార్యననియు, మఱియొకతె ఫలానివాని కుమార్తెననియు మాత్రమే చెప్పెను. వ్రాయువారును అట్లే వ్రాసికొని పోయిరి. ఇంచుమించు 8 కోట్ల స్త్రీలలో 28 లక్షలమందికి ఈ విధముగా పట్టికలో సొంత పేరే లేకపోయెను.

సేనుగారు దీనికి సమ్మతింపలేదు. ఓటు ఆమెది, కావున పేరును ఆమెదే కావలెనని వారి నిశ్చయము. అట్టి వ్రాతలను మార్చి అసలు పేరులను చేర్చుడని ఆజ్ఞాపించిరి. బీహారు రాష్ట్రమునకు ఇందుకై మఱియొక నెల గడువు నిచ్చిరి. అప్పటికిని పేరు తెలియరాని స్త్రీలను పట్టికలనుండి తొలగించిరి. ఆ స్త్రీలు తొలి ఎన్నికలలో ఓటు వేయలేకపోయిరి. ఇది చిన్న నష్టము కాదు. కాని ఈ లోపమును చూచీ చూడనట్లు విడిచిన, ఆ వాడుక స్థిరపడిపోవునని సేనుగారు తలంచిరి. రెండవ ఎన్నికలకు ముందు స్త్రీల పేరులను చేర్చుటకై విశేష ప్రయత్నము జరిగెను.

పోలింగు 1951 అక్టోబరు 25వ తేదీన, మంచు కురియకముందే, హిమాచలములోని చినీ ప్రాంతమున ఆరంభమై 1952 ఫిబ్రవరి వఱకు సాగెను. చదువురానివారి కొఱకు ప్రతి అభ్యర్థికిని ఒక గుర్తును, ఆ గుర్తుగల ప్రత్యేకమగు పెట్టెయు ఏర్పఱచిరి. ఆ పెట్టెలకై 8,200 టన్నుల ఉక్కు వ్యయమయ్యెను. ఒకరే రెండుమార్లు ఓటు వేయకుండుటకై వ్రేలిపై చెఱగని సిరా పూసిరి. మన సీమ అప్పుడు మద్రాసు రాష్ట్రమున నుండెను. ఆ ఎన్నికలలో పెనుకొండ పేరిట ఒక లోకసభా స్థానముండగా, 1957 నాటికి హిందూపురము పేరిట స్థానమేర్పడెను.

ఈ కార్యము నెగ్గినపిదప సేనుగారి కీర్తి దేశాంతరములకు బ్రాకెను. 1953లో సూడాను దేశపు ఎన్నికలను నడపు సంఘమునకు వారే అధ్యక్షులైరి. 1954లో పద్మభూషణ బిరుదము పొందిరి. 1957లో రెండవ సాధారణ ఎన్నికలను, మొదటి ఎన్నికల పెట్టెలనే భద్రపఱచి వాడి, తక్కువ వ్యయముతో జరిపించిరి. 1958లో ఆ పదవిని వీడి, 1960లో బర్ద్వాను విశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షులై, కొలది యేండ్లకే పరమపదించిరి. కోట్లజనుల పేరులు వ్రాయించిన యీ మహాశయుడు తన్ను గూర్చి స్వీయచరిత్ర యొకటి వ్రాసికొననైన లేదు.

విద్యార్థులారా! సేనుగారి పని ముగిసినది కాదు. ఓటు వయస్సు 1989 నుండి 18 ఏండ్లకు తగ్గినది. 17 ఏండ్లు నిండినవారు ముందుగానే ఆఱవ నంబరు ఫారముతో దరఖాస్తు చేసికొనవచ్చును. జనవరి, ఏప్రిలు, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలలో ఏనాటికి 18 నిండునో, ఆనాటినుండి వారు అర్హులగుదురు. మీ అన్నలకును అక్కలకును ఈ సంగతి తెలుపుడు.

మన గుడిబండ మడకశిర శాసనసభా స్థానమునకును, హిందూపురము లోకసభా స్థానమునకును చెందినది. తెలుగును కన్నడమును కలిసి వినవచ్చు ఈ సీమలో పేరు ఒకటి పలుకగా వేఱొకటి వ్రాయబడుట కలదు. ముసాయిదా పట్టిక వెలువడినప్పుడు ఇంటివారి పేరులను మీరే చదివి చూడుడు. అత్తవారింటికి వచ్చిన వదిన పేరు ఇచటికి మాఱినదో లేదో విచారింపుడు. చదువురాని అవ్వకు ఆమె పేరున్న వరుసను చూపింపుడు. తప్పున్నచో బూతుస్థాయి అధికారికి పెద్దలచేత తెలియజేయింపుడు. ఓటు వేయు వయస్సు రాకముందే మీరు చేయదగిన దేశసేవ యిది.